ముందు చక్రం లేపాను, నిజం దాచాను

సోమవారం మధ్యాహ్నం మిషన్ డ్రాయర్‌లోంచి సూది తీసి నా ఎడమచేతి చూపుడు వేలికి గుచ్చుకున్నాను. నొప్పి తెలియలేదు. మధ్య వేలికి గుచ్చాను. అక్కడా అంతే. అదే చేతికి మోచేతి కింద నుంచి మణికట్టు దాకా కట్టు ఉంది. ఆ కట్టు లోపల మాత్రం నొప్పి ప్రాణం తోడేస్తోంది. పన్నెండేళ్లుగా బట్టలు కుడుతున్నదాన్ని, సూది గుచ్చుకుంటే ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఏదో చెడు జరుగుతోందని ఆ నిమిషంలోనే అర్థమైంది. అయినా ఆ మాట పైకి అనడానికి ఇంకో గంట పట్టింది.

నా పేరు ఎస్తేరు. వయసు ముప్పై మూడు. మాది కొత్తచెరువు. ఇంటి ముందు గదిలోనే బ్లౌజులు కుడతాను. నా భర్త దానియేలు మోటారు సైకిల్ మెకానిక్. మా మేనత్త కొడుకే, అందుకని పెళ్లయి పదేళ్లయినా బావా అనే పిలుస్తాను. మేనత్త సువార్తమ్మే నాకు అత్తగారు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. చెయ్యి ఎందుకలా అయిందని అడిగిన వాళ్లందరికీ చాలాకాలం బాత్రూంలో జారిపడ్డానని చెప్పాను. అది అబద్ధం. నేను బండి మీద వీలీ నేర్చుకుంటూ పడ్డాను.

వీలీ అంటే తెలియని వాళ్ల కోసం చెబుతాను. నడుస్తున్న బండి ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, వెనక చక్రం ఒక్కదాని మీదే ముందుకు పోవడం. రోడ్ల మీద కుర్రకారు చేస్తుంటే మనం పళ్లు కొరుక్కునేది దాన్ని చూసే. నేనూ తిట్టినదాన్నే. ఒక రైతు పొలంలో తిరగడానికని బెంగళూరు నుంచి చిన్న డర్ట్ బైకు తెప్పించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే ఇంజన్ పట్టేసింది. మా బావ షెడ్డులో పడేసి, ఇక నువ్వే ఉంచుకోమన్నాడు. పొట్టి బండి, నేను కూర్చుంటే రెండు కాళ్లూ నేలకు ఆనేవి. గరుకు టైర్లు. లైటు లేదు, నంబరు ప్లేటు లేదు. రోడ్డెక్కించకూడని బండి అది. మా బావ రెండు నెలలు దానితో కుస్తీ పట్టి బాగు చేశాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక లగేజీ ఆటోలో వేసుకుని ఊరవతల ఎండిపోయిన చెరువులోకి తీసుకుపోయేవాడు. నేను అన్నం గిన్నె పట్టుకుని వెంట వెళ్లేదాన్ని.

అక్కడ ఆయన ముందు చక్రం లేపడం మొదటిసారి చూశాను. పని తప్ప ఇంకోటి తెలియదనుకున్న మనిషి, ఎండలో దుమ్ము రేపుకుంటూ, ఒంటి చక్రం మీద నా ముందు నుంచే పోయాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత కుళ్లు పుట్టింది.

“నాకూ నేర్పు బావా” అన్నాను.

“నీకెందుకే?”

ఎందుకో నాకూ తెలియదు. రోజంతా మెడ వంచుకుని మిషన్ తొక్కే మనిషికి ఒక్కసారైనా తల పైకెత్తి ఆకాశం వైపు పోవాలని ఉండదా? అదే అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత నిజంగానే నేర్పడం మొదలుపెట్టాడు.

ఆయన నేర్పిన పద్ధతి మెకానిక్కు పద్ధతి. షెడ్డులో ఇంజన్లు దించడానికి దూలానికి చైన్ పుల్లీ కట్టి ఉంటుంది. ఆ గొలుసును బండి ముందు భాగానికి తగిలించి, నన్ను సీటు మీద కూర్చోబెట్టి, మెల్లగా పైకి లాగేవాడు. ముందు చక్రం లేస్తూ లేస్తూ ఒకచోటికి వచ్చేసరికి గొలుసు వదులయ్యేది. బండి బరువు ఎటూ లేనట్టుండేది.

“ఈడ చూడు. గొలుసు మీద బరువు లేదు, నీ చేతుల మీదా లేదు. ఇది దాటినావంటే వెల్లకిల్లా పడతావు. దాటకముందే కుడికాలితో బ్రేకు తొక్కల్ల. చక్రం దానంతట అదే దిగొస్తాది. ఎత్తేది ఎవురైనా ఎత్తుతారు. దించేది తెలియల్ల.”

కళ్లు మూసుకోమనేవాడు. గొలుసు వదులు కాగానే బ్రేకు తొక్కాలి. తొక్కకపోతే మళ్లీ మొదటినుంచి. మూడు ఆదివారాలు నేను ఆ షెడ్డు దాటలేదు. నాలుగో ఆదివారం చెరువులో ఫస్ట్ గేరులో పోతూ, ఎడమచేత్తో క్లచ్ పట్టి, యాక్సిలరేటర్ పెంచి, క్లచ్ టక్కున వదిలాను. చక్రం జానెడు లేచి దబ్బున పడింది. నా పళ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఆ రోజు ఇరవైసార్లు చేసుంటాను. రెండు నెలలకు ఒక తుమ్మచెట్టు దగ్గర లేపితే పక్క తుమ్మచెట్టు దాకా దించకుండా పోగలిగాను. నాకు ఎంత సంతోషంగా ఉండేదంటే సోమవారాలు మిషన్ ముందు కూర్చున్నా అరచేతుల్లో హ్యాండిల్ ఉన్నట్టే ఉండేది.

అత్తకు ఈ సంగతి తెలుసు. ఆపలేదు, కానీ, “వీధిలో ఎవురికీ తెలియనీయొద్దండి. సువార్తమ్మ కోడలు బండ్లు ఎగరేస్తాందని నాకు మాట రానీయొద్దు” అనేది.

పడిన రోజు తప్పు పూర్తిగా నాదే. ఎప్పుడూ మా బావ పాత బూట్లు వేసుకుని నేర్చుకునేదాన్ని. ఆ ఆదివారం ప్రార్థన ఆలస్యమైంది. ఇంటికి పోకుండా షెడ్డు నుంచి నేరుగా చెరువుకు వెళ్లాం. కాళ్లకు ప్రార్థనకు వేసుకున్న నున్నటి చెప్పులు ఉన్నాయి. “బూట్లు లేకుండా వద్దే” అన్నాడు బావ. “ఒక్కసారే” అన్నాను. సాయంత్రం ఐదు కావస్తోంది. చక్రం లేచింది, ఎప్పటికన్నా తేలిగ్గా లేచింది. ఆ వదులు చోటు వచ్చింది, దాటింది. బ్రేకు తొక్కబోయాను, చెప్పు పెడల్ మీంచి జారింది. బండి నా కాళ్ల మధ్య నుంచి ముందుకు పోయింది. నేను వెనక్కి పడుతూ ఎడమచెయ్యి నేలకు పెట్టాను. విరిగిన చప్పుడు నాకే వినిపించింది. చూస్తే మణికట్టుకూ మోచేతికీ మధ్య, వంపు ఉండకూడని చోట చెయ్యి వంగి ఉంది.

బావ ముఖం తెల్లబోయింది. “ఆస్పత్రికి పోదాం పద” అన్నాడు. వద్దన్నది నేనే. ఇది స్పష్టంగా రాయాలి. తర్వాత అందరూ అత్త వల్లే అనుకున్నారు. ఆసుపత్రికి పోతే యాక్సిడెంట్ కేసు అంటారు, పోలీసులకు రాస్తారు, నంబరు లేని బండి, మెకానిక్కు మీదికి వస్తుంది. పైగా వీలీ అని ఎవరికి చెప్పను? మా వైపు చెయ్యి విరిగినా కాలు విరిగినా మొదట నాటుకట్టుకే పోతారు. అత్తకు మణికట్టు విరిగినప్పుడు కూడా అదే కట్టు, అదే బాగైంది. అత్త కూడా ఆ మాటే అంది. దగ్గరి పల్లెలో ఒక పెద్దాయన కట్టు కడతాడు. ఎముక సర్ది, ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, చుట్టూ వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించి కట్టాడు. నేను అరిచిన అరుపులకు ఆయన తొణకలేదు.

“మూడు దినాలు విప్పొద్దండి. నొప్పి ఉంటాది. నొప్పి ఉంటేనే కట్టు పట్టినట్టు” అన్నాడు.

ఆ మాటే నన్ను ముంచింది. నొప్పి పెరిగేకొద్దీ కట్టు పనిచేస్తోందనుకున్నాం. తెల్లవార్లూ నిద్ర లేదు. పొద్దున మెడికల్ షాపు నుంచి తెచ్చిన మాత్రలు రెండు వేసుకున్నా ఏమీ తగ్గలేదు. పది గంటలకు వేళ్లు ఉబ్బి, నున్నగా మెరుస్తున్నాయి. పన్నెండుకు రంగు మారాయి. ఎవరైనా నా వేలు కాస్త చాపితే మోచేతి దాకా మంట పుట్టేది. బావ ఆ పెద్దాయనకు ఫోన్ చేశాడు. “అట్లనే ఉంటాదప్పా, మూడో దినం రాండి” అన్నాడాయన. ఆ తర్వాతే నేను సూది తీసి గుచ్చుకున్నది.

మూడు గంటలకు బావతో చెప్పాను. అద్దె కారు పిలిచి నన్ను ఎక్కించాడు. అత్త కూడా ఎక్కింది. ధర్మవరం దాటాక అత్త నా చెవి దగ్గరికి వంగింది.

“డాక్టరు అడిగితే బాత్రూంలో జారిపడినానని చెప్పు పాపా. పొద్దున తొమ్మిదికి పడినానని చెప్పు. నిన్న అంటే ఇంతసేపు ఇంట్లో ఎందుకు పెట్టుకొన్యారని తిడతారు. బండి అంటే పోలీసోళ్లు వీన్ని పట్టుకోని పోతారు.”

తలాడించాను. నొప్పితో కళ్లు మూతపడుతున్నాయి, అబద్ధమా నిజమా అని ఆలోచించే ఓపిక లేదు. ముందు సీట్లో బావ అంతా విన్నాడు. డ్రైవరును ఇంకా వేగంగా పొమ్మన్నాడు.

అనంతపురంలో ఆసుపత్రికి చేరేసరికి ఐదున్నర. క్యాజువాల్టీలో చిన్న డాక్టరు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. బాత్రూంలో జారడం, ఈ రోజు పొద్దున తొమ్మిది. అత్తే చెప్పింది. కత్తెరతో కట్టు కోశారు. చర్మం మీద నల్లటి నీటిపొక్కులు. చెయ్యి పచ్చి కొయ్యలా గట్టిగా ఉంది. ఎక్స్‌రేలో రెండు ఎముకలూ విరిగాయి. చిన్న డాక్టరు వెంటనే ఎముకల పెద్ద డాక్టరును పిలిపించాడు. ఆయన నా వేళ్లు పట్టుకుని మెల్లగా వెనక్కి చాపాడు. నేను మంచం మీంచి లేచి అరిచాను.

“పల్స్ అందుతోంది. అందినా నమ్మడానికి లేదు. ఇది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్” అని పక్కవాళ్లతో అన్నాడు. నా వైపు తిరిగి, “చూడమ్మా, కండరం చుట్టూ సాగని పొర ఉంటుంది. లోపల వాపు, బయట నీ కట్టు. రక్తం పోవడానికి దారి లేదు. రక్తం అందకపోతే కండరం చచ్చిపోతుంది. ఇప్పుడే పొర చీల్చి తెరవాలి. ఫాషియాటమీ అంటాం” అన్నాడు.

తర్వాత ఆ పొక్కులను మళ్లీ చూశాడు. “తొమ్మిదికే పడ్డావా?”

“తొమ్మిదికే సార్” అంది అత్త.

డాక్టరు మా బావ వైపు చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. నర్సుతో ఏదో చెప్పాడు. నర్సు బావనూ అత్తనూ బయటికి పంపింది. తెర లాగి నా తల దగ్గరికి వచ్చింది. నా కంటే చిన్న వయసే ఉంటుంది.

“భయపడొద్దు అక్కా. ఇంట్లో కొట్టినారా? మీ ఆయన చెయ్యి మెలి తిప్పినాడా? నిజం చెప్పు, నేనుండా.”

ఆ క్షణాన్ని నేను ఎప్పటికీ మరిచిపోలేను. నా ఒంటి మీద ఒక్క దెబ్బ వేయని మనిషి, బండి గొలుసు పట్టుకుని గంటల తరబడి ఓపికగా నేర్పిన మనిషి, తెర బయట పెళ్లాన్ని కొట్టినవాడిలా నిలబడి ఉన్నాడు. ఆయన్ను కాపాడాలని మేం చెప్పిన అబద్ధమే ఆయన్ను అక్కడ నిలబెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

“కొట్టలేదు. పెద్ద డాక్టరును పిలువు” అన్నాను.

ఆయన వచ్చాక అంతా చెప్పాను. నిన్న సాయంత్రం ఐదుకు పడ్డాను. ఆరున్నరకు నాటుకట్టు. బాత్రూం కాదు, బండి. ముందు చక్రం లేపుతూ వెనక్కి పడ్డాను. ఆయన ముఖం మీద నవ్వు లేదు, కోపం లేదు. గోడ గడియారం చూశాడు.

“ఇరవై నాలుగు గంటలు. పొద్దున పడి ఉంటే కండరం చాలావరకు బతికే ఉంటుందన్న అంచనాతో లోపలికి పోయేవాళ్లం. ఇప్పుడు అంచనా వేరు. కొంత చచ్చిపోయి ఉంటుంది. చచ్చిన కండరం వల్ల కిడ్నీకి కూడా దెబ్బ, దానికి పరీక్షలు పంపాలి. తెరిచాక చెయ్యి తీసేయాల్సి రావచ్చమ్మా. సంతకం పెట్టేముందు ఆ మాట తెలుసుకుని పెట్టు.”

బావను లోపలికి పిలిచి ఆయనకూ అదే చెప్పారు. కాగితం మీద కుడిచేత్తో నేను, నా పేరు కింద బావ సంతకాలు పెట్టాం. అత్త తలుపు దగ్గరే కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. ఎడమచెయ్యి లేకుండా బ్లౌజు ఎలా పట్టుకుంటాను, జడ ఎలా వేసుకుంటాను అని ఆపరేషన్ గదిలోకి పోతూ ఆలోచించాను. దేవుడా, చెయ్యి ఉంచు చాలు అని తప్ప ఇంకో ప్రార్థన రాలేదు.

మెలకువ వచ్చేసరికి మొదట చూసింది చెయ్యి ఉందా లేదా అని. ఉంది. మోచేతి దగ్గర నుంచి అరచేతి దాకా నిలువునా తెరిచి, కుట్టకుండా, తడి గుడ్డలు కప్పారు. విరిగిన ఎముకలు కదలకుండా చర్మం బయట ఇనుప రాడ్లు బిగించారు. ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ అన్నారు. బావ దాన్ని చూసి, “నట్లు బోల్టులు మనవి మాదిరే ఉండాయి” అన్నాడు. అదే ఆయన ఆ వారంలో మాట్లాడిన పెద్ద మాట.

మర్నాడు పోలీసు కానిస్టేబుల్ వచ్చాడు. ఇలాంటి దెబ్బల సంగతి పోలీసులకు తెలిపే ఎమ్మెల్సీ కాగితం ఆసుపత్రి వాళ్లు రాశారు. మేం ఎవరికి భయపడి ఒక రాత్రీ పగలూ పోగొట్టుకున్నామో ఆ పోలీసు ఈయనే. ఎలా పడ్డావని అడిగాడు, చెప్పాను.

“ఎవురు ఎత్తినారు? మీ ఆయనా?”

“కాదు సార్, నేనే.”

“నువ్వా?” అని పైనుంచి కిందిదాకా చూశాడు. చెరువులోనా, రోడ్డు మీదా అని ఇంకోసారి అడిగి రాసుకున్నాడు. “ఆ బండిని రోడ్డు మీదికి మాత్రం తేవొద్దండప్పా” అని మా బావతో చెప్పి వెళ్లిపోయాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

రెండు రోజుల తర్వాత మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకుపోయి చచ్చిన కండరం తీసేశారు. “చెయ్యి ఉంటుంది. అది చేసే పని ఎంత ఉంటుందో ఇప్పుడే చెప్పలేను” అన్నాడు డాక్టరు. తొడ మీద చర్మం తీసి చేతికి అతికించారు. అంతా బాగుందనుకునేలోగా తొమ్మిదో రోజు చలిజ్వరం మొదలైంది. ఇన్ఫెక్షన్. అతికించిన చర్మంలో సగం ఊడిపోయింది. యాంటీబయాటిక్ మార్చారు, రోజూ డ్రెస్సింగ్, మళ్లీ తొడ మీద చర్మం. డ్రెస్సింగ్ బండి చక్రాల చప్పుడు వరండాలో వినిపిస్తే చాలు, కుడిచేత్తో మంచం కమ్మీ పట్టుకునేదాన్ని. ఐదు వారాలు ఆసుపత్రిలోనే ఉన్నాను.

ఆ ఐదు వారాలూ అత్త నా మంచం పక్కన నేల మీద పడుకుంది. అన్నం కలిపి తినిపించింది, తల దువ్వింది, స్నానం చేయించింది. నాకు మాత్రం ఆమె మీద కోపం పోలేదు. ఆమె పెట్టిన ముద్ద మింగుతూనే కోపపడేదాన్ని. ఆసుపత్రి వద్దన్నది నేనే కదా అని గుర్తొస్తే ఆ కోపం నా మీదికి తిరిగేది. మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. వీధిలో వాళ్లు చూడటానికి వస్తే అత్త బాత్రూం కథే చెప్పేది. నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

ఇంటికి వచ్చాక అసలు పని మొదలైంది. వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ వాటిని ఒక్కొక్కటిగా చాపేది, నేను తిట్టేదాన్ని, ఆ పిల్ల లెక్క పెట్టేది. “మీరు తిట్టినా పది అంటే పది అక్కా.” స్పాంజి బంతి ఇచ్చి పిసకమంది. బంతి నాకు విసుగు. అది చూసి మా బావ ఒకరోజు పాత హ్యాండిల్ ముక్కను వంటింటి బల్లకు బిగించాడు. దానికి క్లచ్ లివర్ పెట్టి, కేబుల్ చివర మెత్తటి స్ప్రింగ్ కట్టాడు.

“దీన్ని నొక్కు. ఇది నీకు తెలిసిన పనే కదా” అన్నాడు.

మొదటి వారం లివర్ కదలనే లేదు. బియ్యం ఏరుతూ, కూర ఉడుకుతుంటే నిలబడి నొక్కేదాన్ని. నెలకు అర అంగుళం కదిలింది. అది తేలికైతే బావ స్ప్రింగ్ మార్చేవాడు. ఫిజియో అమ్మాయి దాన్ని ఫోటో తీసుకుంది. వేళ్లలో స్పర్శ ముందు చీమలు పాకినట్టు వచ్చింది. నర్వ్ కండక్షన్ టెస్టు చేసి, “నరం మేలుకుంటోంది, కానీ మెల్లగా” అన్నారు. ఎనిమిది నెలలకు, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లు సాగదీసే ఇంకో ఆపరేషన్. తర్వాత వేళ్లు చాపి పట్టి ఉంచే స్ప్లింట్, మళ్లీ మొదటి స్ప్రింగ్. ఆ రోజు లివర్ విసిరికొట్టాలనిపించింది. బల్లకు బిగించి ఉంది కాబట్టి బతికింది. పద్నాలుగు నెలలు దాటాక ఒక పొద్దున అది హ్యాండిల్‌కు పూర్తిగా ఆనింది. పోపు మాడిపోయింది, నేను పట్టించుకోలేదు.

ఇప్పటికి రెండేళ్లు దాటాయి. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు పనిచేస్తాయి. చివరి రెండు వేళ్లు వంగే ఉంటాయి, అవి ఇక తిన్నగా కావని చెప్పేశారు. చూపుడు వేలితో ముట్టుకుంటే గుడ్డ పరిచి ముట్టుకున్నట్టుంటుంది. జాకెట్లు మళ్లీ కత్తిరిస్తున్నాను, మిషన్ కుట్టు వేస్తున్నాను. హుక్కులు, చేతికుట్టు పని మాత్రం వేరే ఆమెకు ఇస్తున్నాను. చలికాలం పొద్దున్నే చెయ్యి లాగుతుంది. మచ్చ మోచేతి నుంచి అరచేతి దాకా ఉంది. దాన్ని దాచడానికి మొదట్లో పొడుగు చేతుల జాకెట్లు కుట్టుకున్నాను. ఇప్పుడు కుట్టుకోవడం లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇది కూడా ఇంకో బాత్రూం కథే అవుతుంది. ఎముక పూర్తిగా అతుక్కుందని డాక్టరు చెప్పిన తర్వాత, ఒక ఆదివారం బూట్లు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, మళ్లీ ఆ బండి ఎక్కాను. బావ ఒప్పుకోవడానికి నెల పట్టింది. ముందు చక్రం మోకాలి ఎత్తు లేపాను, బ్రేకు తొక్కాను, దించాను. ఒక్కసారే. దిగి బండి పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను. గెలిచానని కాదు. ఆ చెయ్యి ఇంకా నాదేనని నమ్మకం కుదిరింది, అందుకు. తర్వాతి చెకప్‌లో డాక్టరుతో చెప్పేశాను. “నేను వినలేదమ్మా” అని ఫైలు మూశాడు. బండిని తర్వాత అమ్మేశాం. నేనే అమ్మమన్నాను.

ఇది చదివేవాళ్లకు చెప్పేది ఒక్కటే. చేతికో కాలికో కట్టు కట్టాక, అది నాటుకట్టయినా ఆసుపత్రి పిండికట్టయినా సరే, మాత్ర వేసినా నొప్పి పెరుగుతూ పోతే, వేళ్లు చాపితే ప్రాణం పోతున్నట్టుంటే, మొద్దుబారితే, కట్టు పడుతోందని ఓర్చుకోవద్దు. ఆ గంటలోనే ఆసుపత్రికి పోండి. ఎలా పడ్డారో, ఎన్ని గంటలకు పడ్డారో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఈ మాట నాకంటే బాగా మా అత్త చెప్పింది. పోయిన నెల మా పక్కింటి నారాయణమ్మ వేరుశనగ చేలో చెనిక్కాయ పీకే కూలికి పోయి ట్రాక్టర్ మీంచి పడింది. ముంజేయి విరిగింది. పొద్దున నాటుకట్టు కట్టించుకుని వచ్చి, మధ్యాహ్నానికి అరుగు మీద కూర్చుని మూలుగుతోంది. చుట్టూ నలుగురు ఆడవాళ్లు చేరి, నొప్పి ఉండాలిలే అంటున్నారు. ట్రాక్టర్ యజమానికి కేసవుతుందని, ఇంట్లో పడ్డానని చెప్పాలని వాళ్లే అనుకుంటున్నారు. నేను లేచేలోపే మా అత్త వాళ్లందరి మధ్యకు వెళ్లి నిలబడింది. నారాయణమ్మ వేలు పట్టుకుని చూసింది. రెండేళ్లుగా వీధికంతటికీ ఒకే కథ చెప్పిన మనిషి, గొంతు పెంచి, అందరూ వినేట్టు మాట్లాడింది.

“మా ఎస్తేరు బాత్రూంలో పడలే. బండి ముందు చక్రం ఎత్తబోయి పడింది. ఒక రాత్రీ పగలూ కట్టుతోనే ఇంట్లో పెట్టుకొంటిమి. డాక్టరుకు గంట తప్పు చెప్పింది నేనే. నా నోటితో నేనే చెప్పినా, నా కొడుకును కాపాడుకోవల్లని. దాని చెయ్యి ఎట్లుండాదో మీరందరూ చూస్తానే ఉండారు. లెయ్ నారాయణమ్మా, కారు పిలిపిస్తా. ట్రాక్టర్ మీంచి పడినానని చెప్పు. ఎప్పుడు పడినావో ఆ గంటే చెప్పు.”

అరగంటలో కారు బయలుదేరింది. అత్త కూడా ఎక్కింది. నారాయణమ్మ కట్టును ఆ సాయంత్రం నాలుగున్నరకే విప్పారు. ఆమె చేతికి కోత పడలేదు. ఐదు వేళ్లూ కదులుతున్నాయి.